గట్క నుంచి సన్నబియ్యం దాకా: మెదక్ దళితవాడల తిండి చరిత్ర

కుల్చారం పేరు చరిత్ర పుస్తకాలలో రెండుచోట్ల కనపడుతుంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కొలచెలమ. ఆ కొలచెలమ ఈ ఊరేనని పండితులు చెప్తారు. రెండోది, ఇక్కడి నల్లరాతి జైన పార్శ్వనాథ విగ్రహం. ఒక పండితుడు, ఒక తీర్థంకరుడు. వీళ్లిద్దరికీ చరిత్రలో చోటు దొరికింది, సంతోషమే. కాని మల్లినాథుడు వ్యాఖ్యానం రాసే రోజుల్లో ఆయనకు వడ్లు ఎవరు పండించారు, ఎవరు దంచారు, ఆ పండించినవాళ్లు రాత్రికి ఏం తిన్నారు అనే ప్రశ్న మాత్రం ఏ చరిత్రకారుడూ వెయ్యలేదు. వెయ్యకపోవడం మరుపు కాదు. తిండిని పండించే కులాల తిండి చరిత్ర కిందికి రాదు అనే నమ్మకం అది.

ఇప్పుడు ప్రపంచమంతా ఆహార భద్రత గురించి మాట్లాడుతోంది. వాతావరణం మారుతోంది, వానలు గతి తప్పుతున్నాయి, నీళ్లు తాగే పంటలు ఇక సాగవు, చిరుధాన్యాలకు మళ్లాలి అంటున్నారు. ఈ మాటలలో నిజం ఉంది. అయితే ఈ మాటలు చెప్తున్న పెద్దలకు ఒక చరిత్ర తెలియదు, తెలిసినా గుర్తుంచుకోరు. చిరుధాన్యాలు మొన్నమొన్నటిదాకా ఎవరి కంచంలో ఉండేవి, ఎవరు ఎందుకు వాటిని వదిలిపెట్టారు, వదిలిపెట్టినప్పుడు ఏం పోయింది, ఏం వచ్చింది? ఆ చరిత్ర తెలియకుండా చేసే ఆహార విధానం మళ్లీ మన నెత్తిమీదికే వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

తరి, ఖుష్కి

నిజాం రెవెన్యూ భాషలో భూమి రెండు రకాలు. నీరు పారేది తరి, వానను నమ్ముకునేది ఖుష్కి. ఇవి శిస్తు కోసం పెట్టిన పేర్లు. కాని ఊర్లో అవి కులం పేర్లలాగనే పనిచేశాయి.

మంజీర మీద ఏడుపాయల దగ్గర ఘనపురం ఆనకట్ట 1905లో కట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం. ఆనకట్ట నుంచి రెండు కాల్వలు పోతాయి: మహబూబ్ నహర్, ఫతే నహర్. మహబూబ్ నహర్ కుల్చారం, మెదక్ వైపు ఊర్లకు నీళ్లిస్తుంది, ఫతే నహర్ పాపన్నపేట వైపు పోతుంది. రెండింటి కింద సుమారు 21 వేల ఎకరాల ఆయకట్టు. మెదక్ ప్రాంతంలో వరికి ఇంత నమ్మకమైన నీటి వసతి ఉన్న జాగలు తక్కువ. చెరువు కింద భూమిలాగనే కాల్వ కింద భూమి కూడా దొరలది, పటేల్ పట్వారీలది, పెద్ద కాపులది. కాల్వ తవ్విన చేతులు మనవి. వడ్డెరలు, మాలలు, మాదిగలు మట్టి మోశారు. పారిన నీరు మాత్రం మన పొలానికి రాలేదు, ఎందుకంటే మనకు పొలమే లేదు. ఉన్న కొద్దిమందికి గుట్ట పక్కన, రాళ్లలో, ఎవరూ అడగని చెల్కలు. అందులో పండేది జొన్న, కొర్ర, సామ, తైద, పచ్చజొన్నలో కలిపి చల్లిన కంది, బెబ్బర్లు, అనుములు, గట్టు పొంటి పుంటికూర.

మా నాయనమ్మ తన పెండ్లయినంక కాల్వ కింది వరిపొలాలలో నలభై ఏండ్లు నాటు వేసింది. "నాటు వేసిన చేతికి అన్నం వాసన తెల్వది బిడ్డా. అన్నం అంటే పండుగ నాడే. తక్కిన దినాలు గట్కనే, అదీ లేకుంటే అంబలే" అనేది. వరి పండించే కూలి వరి తినకపోవడం వింతగా వినపడవచ్చు. కాని ఇదే మెదక్ వ్యవసాయపు అసలు సూత్రం. కూలి గింజలలో ఇచ్చేవాళ్లు, అవి జొన్న గింజలు. వడ్లు అమ్మకానికి, దొరింటికి, శిస్తుకు.

ఇక్కడ కొలతల గురించి ఒక మాట చెప్పాలి. జీతగాడికి ఏడాది జీతం ఇన్ని కుంచాలు అని మాట. చెప్పులు కుట్టి, తొండాలు కుట్టి, డప్పుకొట్టి, చచ్చిన పశువును తీసేసే మాదిగకు కల్లం కాడ మేర. కాని కొలిచే కుంచం ఎవరిది? దొరది. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, తీసుకునేటప్పుడు ఒక కుంచం. అప్పుకు పోసిన గింజలను పంట కాలానికి నాగు కలిపి తిరిగి కొలిచేవాళ్లు. తీసుకున్నదానికి సగం ఎక్కువ ఇయ్యాలి. మేర అడిగితే ఇచ్చేది, దయ అన్నట్టు పెట్టేది. హక్కు అని అడిగితే ఆగేది. అంటే తిండి మీద మన హక్కు ఎన్నడూ మన చేతిలో లేదు, కొలిచేవాడి చేతిలో ఉంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. గింజ ఏదైనా, జొన్న అయినా వరి అయినా, కొలిచే కుంచం ఎవరి చేతిలో ఉంది అనేదే ఆహార భద్రతకు మొదటి ప్రశ్న.

ఈ కుంచం ఆయుధం కూడా అయింది. కోస్తాలో చుండూరు హత్యాకాండ 1991 ఆగస్టు 6న జరిగింది. దానికి ముందు కొన్ని వారాలు దళితులను సాంఘికంగా బహిష్కరించారు. సాంఘిక బహిష్కరణ అంటే అర్థం ఏమిటి? పని బందు, కూలి బందు, అంటే గింజ బందు. ఊరు మన కడుపును కట్టివేయగలదు అనేది అగ్రకులాలకు తెలిసిన మొదటి యుద్ధవిద్య.

కరువు ఎవరికి వస్తుంది

దక్కన్ కరువుల నేల. 1876-78 మహాకరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక. 1918లో వానలు ఎత్తేశాయి. అదే ఏడు ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చింది. ఆకలితో ఉన్న ఒళ్లు జ్వరాన్ని తట్టుకోలేదు. ఈ లెక్కలలో కులం గడి లేదు గనుక ఎంతమంది మాలమాదిగలు పోయారో మనకు ఎవరూ చెప్పలేదు. కాని వాడలలో కథలు మిగిలాయి. గడ్డిగింజలు దంచుకున్న కథ, చీమల పుట్టలు తవ్వి గింజలు ఏరుకున్న కథ, తుమ్మికూర, దొగ్గలికూర ఉప్పులేకుండా ఉడకబెట్టుకున్న కథ.

1981లో అమర్త్య సేన్ కరువుల మీద పుస్తకం రాసి, కరువు గింజలు లేక రాదు, గింజల మీద హక్కు లేక వస్తుంది అని సిద్ధాంతం చెప్పాడు. ప్రపంచం దాన్ని కొత్త మాటగా విన్నది. దొర ఇంట్లో పాతర నిండి ఉండగా వాడలో పొయ్యి ఆరిపోవడం చూసిన మన ముసలమ్మలకు ఈ సిద్ధాంతం చెప్పాల్సిన అవసరం లేదు. పేరు పెట్టింది సేన్, అనుభవం మనది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నిజాం సర్కారు లెవీ పెట్టింది. ప్రతి సేద్యగాడు పంటలో ఇంత భాగం సర్కారు ధరకు కొలవాలి. పెద్ద భూస్వాములు లెక్కలు తప్పించారు, పటేల్ పట్వారీలు వాళ్ల మనుషులే గనుక. చిన్న రైతుల గుమ్ములు ఊడ్చుకుపోయారు. భూమి లేని కూలికి అంగట్లో గింజ ధర అందకుండా పోయింది. తెలంగాణ రైతాంగ పోరాటానికి లెవీ వ్యతిరేకత ఒక ముఖ్య కారణం అని అందరూ రాశారు. కాని లెవీ పేరుతో పోయిన గింజలో కూలి గింజ కూడా ఉంది అని రాసినవాళ్లు అరుదు. 1930లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది మన మెదక్ జిల్లా జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన. ఆ సభతో మొదలైన రాజకీయం రైతు దాకా వచ్చింది. రైతుకూలీ అనే మాట తర్వాత వచ్చింది. మాదిగ అనే మాట రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలుదారుడిగా రికార్డులో ఉన్నవాడికి ఎంతో కొంత దక్కింది. జీతగాడు ఏ రికార్డులో ఉన్నాడు? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే దళితులను మీకేం కావాలి అని అడిగితే వాళ్లు బియ్యం అడగలేదు, జొన్నలు అడగలేదు. 80 ఎకరాల భూమి అడిగారు: 40 తరి, 40 ఖుష్కి. ఈ అడిగిన తీరు గమనించండి. తరి కూడా కావాలి అన్నారు. మన ఆహార విధానం ఏమిటో ఆ రోజే మనవాళ్లు ఒక్క వాక్యంలో చెప్పేశారు. భూదానం పేరుతో తర్వాత జరిగింది వేరే కథ.

గట్కను పూజించొద్దు

ఇప్పుడు నగరాలలో జొన్నరొట్టె ఆరోగ్యం అంటూ ప్రచారం నడుస్తోంది. చదువుకున్న మన పిల్లలు కూడా తాతలు గట్క తిని వందేళ్లు బతికారు అని అనడం వింటున్నాం. ఇది అబద్ధం. మన తాతలు వందేళ్లు బతకలేదు. చాలామంది యాభై కూడా చూడలేదు.

1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు పోషకాహార పరిశోధనాలయం వచ్చింది, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది అదే. అక్కడి డాక్టర్లు సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య 1960లో ఒక విషయం బయటపెట్టారు. పెల్లాగ్రా అనే జబ్బు మక్కలు మాత్రమే తినేవాళ్లకు వస్తుందని అంతవరకు ప్రపంచానికి తెలుసు. తెలంగాణలో జొన్న మాత్రమే తినే పేదలకు కూడా అది వస్తోంది అని వాళ్లు చూపించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొక్కిపోతుంది, మెడ చుట్టూ పట్టీ వేసినట్టవుతుంది. విరేచనాలు, ఆ తర్వాత మతి చలించడం. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ కావడం దీనికి కారణం అని వాళ్ల ప్రతిపాదన. దాని మీద తర్వాత శాస్త్రజ్ఞుల మధ్య వాదోపవాదాలు నడిచాయి. వాదం లేని సంగతి ఒక్కటే: ఆ రోగులు పేదలు. పప్పు, పాలు, మాంసం పక్కన ఉన్న జొన్నతో ఎవరికీ పెల్లాగ్రా రాలేదు. ఉప్పూ కారంతో ఒట్టి గట్క తిన్నవాళ్లకు వచ్చింది.

కాబట్టి తప్పు జొన్నది కాదు, ఒంటరి జొన్నది. కందులు పండిన ఇంట్లో కందులు అమ్ముకోవాలి, ఎందుకంటే అప్పు కట్టాలి. పాలిచ్చే బర్రె దొరది. మిగిలింది పెద్దకూర, అదీ దొరికిన రోజు. కోసి ఎండబెట్టి దాచుకున్న ఒట్టి తునకలు వాన కాలం నెలల్లో మన వాడలకు దొరికిన బలమైన తిండి. దాన్ని కూడా అంటరానితనానికి గుర్తుగా మార్చారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్శిటీలో దళిత బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినప్పుడు దాడులు జరిగాయి. ఆహార భద్రత గురించి మాట్లాడే విధానకర్తలు మాంసకృత్తుల లోటు గురించి పేజీలకు పేజీలు రాస్తారు. పేదలకు చౌకగా దొరికే మాంసం దగ్గరికి వచ్చేసరికి మౌనం పాటిస్తారు. ఇది పోషకాహార శాస్త్రం కాదు, మనువు శాస్త్రం.

శ్రీనాథుడి పేరు మీద చెలామణి అయ్యే చాటువులు పలనాటి జొన్నకూడును ఎగతాళి చేశాయి. అంటే కనీసం కొన్ని శతాబ్దాలుగా తెలుగు సాహిత్యంలో సన్నన్నం నాగరికత, జొన్నకూడు మోటుతనం. ఈ ఎగతాళి బళ్లో కూడా ఉండేది. సద్దిమూటలో రొట్టె తెచ్చుకున్న పిల్లలం తలుపు చాటుకు పోయి తిన్నాం. అన్నం డబ్బా తెచ్చుకున్నవాళ్లు మధ్యలో కూర్చున్నారు. అన్నం కావాలి అనే కోరిక మన వాడలలో నాలుక నుంచి పుట్టలేదు, అవమానం నుంచి పుట్టింది.

రెండు రూపాయల బియ్యం

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. మేధావులు చాలామంది దీన్ని ఓట్ల పథకం అన్నారు. పర్యావరణం గురించి ఆలోచించేవాళ్లు ఇది జొన్నను చంపింది అన్నారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాని వాడలో నిలబడి చూస్తే కనపడే నిజం వేరు.

మొదటిసారిగా గింజ దొర కల్లం నుంచి కాకుండా వేరే జాగ నుంచి వచ్చింది. రేషన్ డీలర్ కూడా అగ్రకులం వాడే కావచ్చు, తూకంలో మోసం చెయ్యవచ్చు. అయినా కార్డు మన పేరు మీద ఉంది. నెల రోజులకు కాకున్నా పదిహేను రోజులకు ఇంట్లో బియ్యం ఉంటే జీతగాడు రేపు పనికి రాను అని అనగలడు. నాట్లకాడ ఆడవాళ్లు కూలి పెంచమని రెండు దినాలు కూర్చోగలరు. కుంచం మీద దొరకున్న పట్టు కొంచెం సడలింది. మా నాయనమ్మ మొదటిసారి ఒట్టి దినాన అన్నం వండింది అప్పుడే. "ఇయాల ఏం పండుగ?" అని పక్కింటామె అడిగిందట. దీన్ని ఓట్ల పథకం అని కొట్టిపారేసేవాళ్లకు ఆ ప్రశ్న అర్థం కాదు.

ఇక పోయినదేమిటి? జొన్నకు ధర పోయింది. రేషన్‌లో రెండు రూపాయలకు బియ్యం దొరుకుతుంటే చెల్కలో చెమటోడ్చి జొన్న ఎందుకు పండించాలి? ఒకప్పుడు తెలంగాణలో అన్ని తిండి పంటలకన్నా ఎక్కువ నేలలో జొన్న ఉండేది. అది ఏడాదికేడాది కుంచించుకుపోయింది. భారత ఆహార సంస్థ 1965లో ఏర్పడింది. అప్పటినుంచి సర్కారు గట్టిగా కొన్నది వరి, గోధుమే. అంటే కాల్వ కింది రైతు పంటను సర్కారు కొన్నది, ఆ బియ్యాన్ని ఖుష్కి నేలల పేదలకు అమ్మింది. తరి రైతుకు మార్కెట్టు, ఖుష్కి కూలికి కార్డు. చెల్కలో పండే గింజను కొనేవాడు లేడు.

లావణి పట్టాల కింద, భూసంస్కరణల కింద మనకు వచ్చిన భూములు ఎక్కువగా ఈ చెల్కలే. 1973 భూపరిమితి చట్టం కింద మిగులు భూమి అని భూస్వాములు వదిలింది రాళ్లనే. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది, అయినా చేతులు మారినవి మారాయి. చేతిలో మిగిలినవి బీడు పడ్డాయి. ఎద్దులు లేవు, ఎరువు లేదు, అప్పు ఇచ్చే బ్యాంకు లేదు. బీడు భూమి చూపించి "వీళ్లకు భూమి ఇచ్చినా దున్నరు" అన్నారు.

ఇంకో విచిత్రం చూడండి. వర్షాధార నేలల పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిసాట్ 1972లో ఏర్పడింది, ఎక్కడో కాదు, అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులో. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి దాని పంటలు. ప్రపంచంలోని ఎన్నో జొన్న రకాల విత్తనాలు దాని గదుల్లో భద్రంగా ఉన్నాయి. అదే జిల్లాలో జొన్న చేను మాత్రం భద్రంగా లేదు. అంతకుముందే, 1964లో, సి.ఎస్.హెచ్.-1 అనే మొదటి హైబ్రిడ్ జొన్న విడుదలైంది. గింజ పెరిగింది, చొప్ప తగ్గింది. గింజ లెక్క చూసిన శాస్త్రవేత్తకు అది విజయం. చొప్పతో గొడ్డును సాకే ఇంటికి అది సగం పంట. పరిశోధన సంస్థ పక్కనే ఉన్నా పరిశోధనకు ప్రశ్న ఎవరు ఇస్తారు అనేది ముఖ్యం. మనలను ఎవరూ ప్రశ్న అడగలేదు.

జహీరాబాద్ ప్రయోగం

ఇదే జిల్లా పడమటి కొసన, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలుపెట్టింది. సంస్థను పెట్టినవాళ్లు బయటనుంచి వచ్చిన చదువుకున్నవాళ్లు. సంఘాలు కట్టి నడిపించింది మాత్రం ఊర్లలోని పేద ఆడవాళ్లు, అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు. సుమారు 75 ఊర్లలో సంఘాలు ఏర్పడ్డాయి.

1990ల మధ్యలో ఈ సంఘాలు ఒక పని చేశాయి. దాన్ని మన ఉద్యమాలు తగినంతగా చదవలేదు. బీడుపడ్డ పేదల చెల్కలను ముందు గుర్తించారు. ఆ రైతులకు దున్నకానికి, పెంటఎరువుకు, విత్తనానికి, కలుపుకు విడతలవారీగా అప్పు ఇచ్చారు. అప్పు తిరిగి కట్టాల్సింది డబ్బుగా కాదు, జొన్నలుగా, కొన్నేండ్లపాటు. ఆ జొన్నలు ఊర్లోనే సంఘం గింజల నిధిలో చేరాయి. వేపాకు, బూడిద కలిపి గుమ్ములలో దాచారు. వానకాలంలో, పని లేక ఇంట్లో గింజలు అయిపోయే నెలల్లో, ఊర్లోని అతి పేద ఇండ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఆ డబ్బు మళ్లీ నిధిలోకి.

అతి పేద ఎవరు అనేది ఎవరు తేల్చారు? మండలాఫీసు తేల్చలేదు. ఊరి ఆడవాళ్లు నేల మీద ఊరి పటం గీసి, ఇంటింటికీ గుర్తు పెట్టి, ఎవరింట్లో ఎన్ని పూటల పొయ్యి వెలుగుతుందో అందరి ముందు మాట్లాడి తేల్చారు. అక్షరం రానివాళ్లు చేసిన జాబితా అది. 1997లో కేంద్ర ప్రభుత్వం దారిద్ర్యరేఖ ఆధారంగా లక్ష్యిత రేషన్ పద్ధతి తెచ్చినప్పుడు దేశమంతా తప్పుడు జాబితాల గొడవ నడిచింది. పస్తాపూర్ చుట్టుపక్కల ఊర్లలో అప్పటికే దానికి జవాబు ఉంది.

ఈ ప్రయోగంలో మనకు ముఖ్యమైనవి మూడు. ఒకటి, కుంచం ఆడవాళ్ల చేతికి వచ్చింది. రెండు, విత్తనం కొనలేదు, దాచుకున్నారు, ఇచ్చిపుచ్చుకున్నారు. మూడు, ఒక్క జొన్న కాదు, ఒకే చేనులో పది పదిహేను రకాలు. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి పండుతుంది. యాసంగిలో నీరు పెట్టకుండా మంచుతో పండే తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె వంటివాటిని ఆ ఆడవాళ్లు సత్యం పంటలు అన్నారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టి ఈ తెలివిని తమ గొంతుతోనే చెప్పుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

పొగడ్తతో ఆపకూడదు. ఈ ప్రయోగం భూమి పంపకాన్ని మార్చలేదు. రాళ్లచెల్కను బాగుచేసింది, కాని తరి భూమి ఎవరిది అనే ప్రశ్నను ముట్టుకోలేదు. ముట్టుకోవడం ఒక స్వచ్ఛంద సంస్థ పని కూడా కాదు, అది రాజకీయ ఉద్యమం పని. ప్రభుత్వం ఈ పద్ధతిని మెచ్చుకున్నది, బహుమతులు ఇచ్చింది, కాని తన రేషన్ పద్ధతిగా తీసుకోలేదు. జహీరాబాద్ నుంచి కుల్చారం వంద కిలోమీటర్ల లోపే. ఆ గింజల నిధి మా దాకా రాలేదు.

మంజీర తప్పిన గతి

మంజీర నీళ్ల కథ మళ్లీ చెప్పుకోవాలి. ఆనకట్టకు పైన సింగూరు ప్రాజెక్టు వచ్చింది, సుమారు 30 టీఎంసీల జలాశయం. దాని మొదటి పని హైదరాబాద్ తాగునీరు. ఘనపురం ఆయకట్టు రైతులు తమ వాటా నీటికోసం ఏండ్ల తరబడి ధర్నాలు చేశారు. 2015-16 కరువులో సింగూరు, మంజీర జలాశయాలు ఎండిపోయాయి. నగరానికే నీళ్లు రాలేదు, కాల్వకు ఎక్కడివి? బోర్లు ఉన్నవాళ్లు ఇంకా లోతుకు పోయారు. పదేండ్లు తిరక్కుండానే, 2025 ఆగస్టు చివరి వారంలో మెదక్, కామారెడ్డి జిల్లాలలో కుంభవృష్టి కురిసింది. రోడ్లు, చెరువుకట్టలు తెగాయి, పంటలు మునిగాయి, ఇసుక మేటలు వేసింది. వాతావరణ మార్పు అంటే పుస్తకంలో సగటు ఉష్ణోగ్రత. మెదక్‌లో దాని అర్థం ఇది: వాన లేని ఏడు ఒకటి, వాన ఆగని ఏడు ఒకటి.

ఈ రెండింటి నడుమ తెలంగాణ వరిరాష్ట్రం అయింది. 2018 జనవరి నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు, చెరువుల మరమ్మతు, ఎత్తిపోతలు, మద్దతు ధరకు కొనుగోలు. ఒక్క 2024 వానకాలంలోనే కోటిన్నర టన్నులకు పైగా వడ్లు పండాయని ప్రభుత్వం ప్రకటించింది. 2021-22లో ఉప్పుడు బియ్యం తీసుకోం అని కేంద్రం అంటే, యాసంగిలో వరి వెయ్యొద్దు అని రాష్ట్రం రైతులకు చెప్పింది. అప్పటిదాకా వెయ్యమన్నదీ వాళ్లే. వరిపొలంలో నిలిచిన నీటి నుంచి మీథేన్ వస్తుంది, అది భూమిని వేడెక్కిస్తుంది అని ఇప్పుడు శాస్త్రం చెప్తోంది. నిజమే. కాని ఆ వరిపొలంలో ఎండకు వంగి నాటు వేసేది, వడగాలిలో కల్లం కాడ వడ్లు ఎత్తేది, మునిగిన పంటకు పరిహారం జాబితాలో పేరు లేనిది ఎవరు? 2018లో వచ్చిన రైతుబంధు ఎకరాల లెక్కన పట్టాదారుకు ఇచ్చారు. కౌలు చేసేవాడికి లేదు, కూలికి లేదు. ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ. దళితులకు మూడెకరాలు అన్న 2014 నాటి పథకం కొన్ని వేల కుటుంబాలతో ఆగిపోయింది.

పేరు మార్చిన గింజ

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం దేశంలో సుమారు 67 శాతం ప్రజలకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు అన్నది. బియ్యం 3 రూపాయలు, గోధుమ 2 రూపాయలు, ముతక ధాన్యాలు 1 రూపాయి. జొన్నలాంటి గింజలకు చట్టంలో చోటు దొరకడం వెనక జహీరాబాద్ ఆడవాళ్లలాంటి వాళ్ల పోరాటం ఉంది. కాని చట్టం పెట్టిన పేరు చూడండి: ముతక ధాన్యాలు. 2018లో కేంద్రం వాటిని పోషక ధాన్యాలు అన్నది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం, ఆ ఏడు కేంద్ర బడ్జెట్‌లో వాటికి శ్రీ అన్న అని పేరు పెట్టారు. మన కంచంలో ఉన్నన్నాళ్లు ముతక. పెద్దవాళ్ల కంచంలోకి పోగానే శ్రీ. పేరుతోపాటు ధర కూడా మారింది. నగరం అంగడిలో కొర్రలు సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి. ఇప్పుడు మా వాడలో ఎవరికైనా షుగర్ వస్తే డాక్టర్ జొన్నరొట్టె తినమంటాడు. కొనే స్తోమత లేక రేషన్ బియ్యమే తింటారు.

2025 ఏప్రిల్ నుంచి తెలంగాణ రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. దీన్ని కూడా పర్యావరణం పేరుతో కొట్టిపారేసే తొందర మనకు వద్దు. దొడ్డు బియ్యం పేదవాడికి, సన్నబియ్యం ధనవంతుడికి అనే తేడాను అది కొంత తుడిచింది. కాని సన్నబియ్యంతో ఆహార భద్రత వచ్చేసింది అనుకుంటే అది కూడా పొరపాటు. పప్పు లేని సన్నన్నం, పప్పు లేని గట్క రెండూ ఒకటే. నాడు పెల్లాగ్రా, నేడు రక్తహీనత, షుగర్.

మన ముందున్న పని

ఈ చరిత్ర నుంచి నేర్చుకోవాల్సింది జొన్నా వరా అనే తగాదా కాదు. ఆ తగాదా పెట్టేవాళ్లు రెండు కంచాలూ నిండినవాళ్లు. పేదలు చిరుధాన్యాలు తిని భూమిని కాపాడాలి అని చెప్పేముందు, నగరం తన నీళ్లు, తన కరెంటు లెక్క చెప్పాలి. వాతావరణ భారం అందరికన్నా తక్కువ మోపినవాడి మీదనే అందరికన్నా ఎక్కువ బరువు పెట్టడం కొత్త రకం వెట్టి.

అయినా మన నుంచి కూడా కొన్ని డిమాండ్లు స్పష్టంగా రావాలి. మద్దతు ధరకు వడ్లు కొన్నట్టే జొన్న, కొర్ర, కంది ఊర్లోనే కొని ఊరి రేషన్ షాపులోనే పంచాలి. బియ్యం తగ్గించి జొన్న కాదు. బియ్యంతోపాటు జొన్న, పప్పు, నూనె, ఏది కావాలో ఎంచుకునే హక్కు కార్డుదారుకు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఆగకూడదు. వంటమనుషుల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో ఇచ్చిన ఉత్తర్వు ప్రతి బడిలో అమలు కావాలి. అసైన్డ్ చెల్కలకు ఎరువు, ఎద్దు, అప్పు; కాల్వ కింది భూమిలో వాటా. పంటనష్టం లెక్కలో కౌలుదారు, కూలి పేర్లు. గింజల నిధి ప్రతి మండలంలో, అది సంఘం ఆడవాళ్ల చేతుల్లో.

విద్యార్థులకు, టీచర్లకు ఒక విన్నపం. మీ ఊర్లో అరవై దాటిన ఆడవాళ్ల దగ్గర కూర్చొని ఏ నెలలో ఏం తిన్నారు, ఎవరు కొలిచారు, ఏ కుంచంతో కొలిచారు అని అడిగి రాసుకోండి. ఆర్కైవ్స్‌లో లేని చరిత్ర అది. మా నాయనమ్మ చనిపోయే ముందటి సంవత్సరం నేను యూనివర్శిటీ నుంచి పోయి ఇవే ప్రశ్నలు అడిగాను. అన్నీ చెప్పింది. చివరికి, అన్నం ఇష్టమా గట్క ఇష్టమా అని అడిగితే చాలాసేపు నవ్వింది. "ఎవడు కొలిచిండో అడుగు బిడ్డా. నేను కొలుచుకున్నది ఏదైనా ఇష్టమే" అన్నది.